అక్కను కూర్చోబెట్టడం

ఫిబ్రవరి 9

ఎట్టకేలకు ఈ రోజు అక్కను భోజనాల బల్ల దగ్గర నుంచి ఖాళీ చేయించాను. ల్యాప్‌టాప్ మీదికి ఒంగి, గడ్డం గుండెకు ఆనించి, ఒక కాలు మడిచి కుర్చీలో పెట్టుకుని, పొద్దస్తమానం స్కూలు పుస్తకాలకు పేజీలు కూరుస్తూ ఉంటుంది. ఇప్పుడు ఆరో తరగతి సైన్సు పుస్తకం నడుస్తోంది. అలా కూర్చుంటే మెడనొప్పి రాక ఏమవుతుంది.

ఆఫీసులన్నీ తిరిగి, ఎవరి కుర్చీ ఎంత ఎత్తుండాలో సరిచేసి, ఎలా కూర్చోవాలో పాఠం చెప్పి వచ్చే మనిషిని నేను. సొంత అక్కను ఇలా వదిలేశానని తెలిస్తే కంపెనీలో నవ్వుతారు. ఎవరో వద్దని తిప్పి పంపిన కుర్చీ ఒకటి షోరూములో ఉంటే మేనేజరును అడిగి తెచ్చాను. హాల్లో కిటికీ పక్కగా బల్ల వేశాం, వెలుతురు తెర మీద పడకుండా. విడిగా మానిటరు, విడిగా కీబోర్డు. మోసిందంతా బావే. బేకరీలో పొద్దుటి పని ముగించుకుని, చేతులకు పిండి వాసన కూడా పోకముందే దొరికిపోయాడు పాపం.

"పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి," అన్నాను.

"ఆనాయి."

"మోచేతులు పక్కన. భుజాలు వదిలెయ్. నడుము వెనక్కి."

"ఎంత వెనక్కి? పక్కింటి దాకానా?"

బావ నవ్వాడు. అక్క కుర్చీలో ఒక చుట్టు తిరిగి, "నేను పేజీలు కూర్చేదాన్ని, ఇది మనుషుల్ని కూర్చోబెట్టేది. ఈ ఇంట్లో నిలబడి సంపాదించేది నువ్వొక్కడివే," అంది బావతో.

అంతా కొలిచినట్టు కుదిరింది. మానిటరు పై అంచు సరిగ్గా కళ్ళ ఎత్తుకు. అరగంటకు చూస్తే తల మళ్ళీ ముందుకు వాలిపోయి ఉంది. ఎన్నేళ్ళ అలవాటో, ఒక్క రోజులో పోతుందా.

ఫిబ్రవరి 12

మానిటరు కింద ఇంకో పుస్తకం పెట్టాను. ఇప్పుడు సరిపోయింది.

ఫిబ్రవరి 20

ఇన్సూరెన్సు ఆఫీసులో రోజంతా. ఒకాయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే నా పాఠం విన్నాడు. ఒకావిడ పాదాలు నేలకు అందక గాల్లో వేలాడుతుంటే కింద చిన్న పీట వేయించాను. "ఇన్నాళ్ళూ నా కాళ్ళే పొట్టివనుకున్నాను," అంది. ఇలాంటి రోజు నా పని మీద నాకే ముచ్చటేస్తుంది.

ఇంటికొచ్చేసరికి అక్క ఎడమచేత్తో గడ్డం పట్టుకుని కుడిచేత్తో టైపు చేస్తోంది.

"అక్కా, చెయ్యి తియ్. ఒక పక్కకు ఒంగిపోతావు."

తీసింది. తల మెల్లగా దిగిపోయింది, నిద్రొస్తున్న పిల్లలకు దిగిపోయినట్టు. "అక్కా, మెడ," అన్నాను. "ఆఁ," అని ఎత్తింది. మళ్ళీ దిగింది. కావాలని ఏడిపిస్తోందేమో అనుకుని కాస్త కసిరాను కూడా.

మార్చి 2

బావ వంటింట్లో నన్ను ఆపాడు. నా సంసారం ఎత్తేసి వచ్చి వెనక గదిలో చేరినప్పటి నుంచి ఇప్పటిదాకా నాతో గట్టిగా ఒక మాట అనని మనిషి.

"చిన్నీ, ఇది కుర్చీ వల్ల కాదేమోనే."

"మరి దేని వల్ల?"

"నిన్న గ్లాసు జారిపోయింది. అంతకుముందు సీసా మూత తిప్పలేకపోయింది. నాకిచ్చి, నువ్వు బిగించేస్తావు ఇంత గట్టిగా అని నన్నే తిట్టింది. నేను బిగించలేదు."

మౌసు పట్టుకునీ పట్టుకునీ మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతే వేళ్ళు అలాగే పట్టు తప్పుతాయని చెప్పాను. రోజూ చూసే కేసులే. ముందు కూర్చోవడం సరిచేద్దాం, తగ్గకపోతే అప్పుడు డాక్టరు, అన్నాను.

"ఎప్పటిదాకా చూద్దామంటావు?"

"కొన్నాళ్ళు."

"సరే. ఈ విషయం నీకే బాగా తెలుసు," అని వెళ్ళి పడుకున్నాడు. తెల్లవారక ముందే పొయ్యిల దగ్గర ఉండాలి కదా.

నాకే బాగా తెలుసు. అందులో తప్పేముంది.

మార్చి 11

మెడకు వ్యాయామాలు రాసి గోడకు అంటించాను. అక్క వాటిని కూడా పేజీలా చూసింది. "ఈ అక్షరాలు ఇంత చిన్నవేంటే, ఎవరు చదువుతారు?" అంది.

మార్చి 24

అక్క నిటారుగా కూర్చుంది.

నేను వచ్చేసరికే అలా ఉంది. తల వెనక్కి ఆనించి, చూపు నేరుగా తెర మీద. భోజనం వేళ దాకా ఒక్కసారైనా ముందుకు వాలలేదు. "చూశావా, నీ కుర్చీ గెలిచింది," అంది. నాకు కళ్ళు చెమర్చాయి. బావకు చెబితే ఊఁ అని గిన్నెలు కడగడంలో పడ్డాడు. నా మాట నెగ్గిందని చిన్నబుచ్చుకున్నట్టున్నాడు.

మార్చి 25

మళ్ళీ నిటారుగానే. పక్కనుంచి ఒక ఫొటో తీశాను. మేనేజరు చూసి, ఆఫీసుల్లో చూపించడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదన్నాడు. పాదాలు, మోకాళ్ళు, నడుము, మోచేతులు, మెడ, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే.

మార్చి 26

రెండు చోట్ల ఆ ఫొటో చూపించాను. "మా అక్క," అని గొప్పగా చెప్పుకున్నాను.

మార్చి 27

ఒక ఆఫీసు వాళ్ళు రేపు రమ్మంటే మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను.

బావ కుర్చీ వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీలో ఏదో విరిగిందేమో, బాగుచేస్తున్నాడేమో అనుకున్నాను. దగ్గరకు వెళ్తే చేతుల్లో అక్క జడ ఉంది. తలానించే దిండు కింది కమ్మీకి జడను రెండు చుట్లు చుట్టి, రిబ్బనుతో ముడేసి ఉంది. ఆయన ఆ ముడి విప్పుతున్నాడు. విప్పగానే అక్క తల ముందుకు పడిపోయింది. రెండో చేత్తో గబుక్కున పట్టుకున్నాడు. అలవాటైన పట్టు.

అక్కే, తల ఆయన అరచేతిలోనే ఉంచి, "నువ్వు సాయంత్రం కదే వచ్చేది," అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు మురిసిపోయావే, ఆ రోజు నుంచి."

"ముడి నీ చేతులతో వేసుకున్నావా?"

జవాబు బావ చెప్పాడు. "నేనే వేశాను. వేళ్ళు పట్టడం లేదు దానికి. వద్దన్నాను. 'చిన్ని పిచ్చిది, ఆఫీసుల చుట్టూ తిరిగి అలిసిపోయి వస్తుంది, ఇంటికొచ్చాకైనా దాని మాట నిలబడనీ' అంది."

"నొప్పి పుట్టదా అక్కా?"

"మాడు కొంచెం లాగుతుంది. చిన్నప్పుడు నువ్వు పీకినంత లేదులే."

నవ్వించాలని చూసింది. నేను వెనక గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను.

మార్చి 28

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గర సమయం తీసుకున్నాను. ఫోనులోంచి ఆ ఫొటో తీసేశాను. మేనేజరు ఫోనులో ఉంది. ఆయన్ని అడగలేదు.

ఏప్రిల్ 8

సూదులు గుచ్చి పరీక్షలు. చేతికి, భుజానికి, కాలికి, చివరికి నాలుకకు. ఆ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో బావ మెడ వేలాడేసి కూర్చున్నాడు. కళ్ళు మాత్రం తలుపు మీదే.

అక్క బయటికొచ్చి, "నాలుకకు కూడా కూర్చోవడం రాదేమో చూశారు," అంది.

ఏప్రిల్ 22

కండరాలను కదిలించే నరాలు ఒకటొకటిగా చచ్చిపోతున్నాయట. దానికి పెద్ద పేరుంది. ఇక్కడ రాయను.

డాక్టరు అక్కతోనే నేరుగా చెప్పాడు, అది నచ్చింది నాకు. ఇప్పటికి మెడ, చేతులు. తర్వాత కాళ్ళు, మాట, మింగడం, ఊపిరి. తెలివికి ఏమీ కాదు, చివరి దాకా అన్నీ తెలుస్తూనే ఉంటాయి అన్నాడు. అదేదో మంచి వార్త అన్నట్టు.

"కొంచెం నెమ్మదించేలా చేసే మందు ఒకటుంది, రాస్తాను," అన్నాడు.

"నయం కావడానికి?" బావ అడిగాడు.

"దానికి లేదండీ."

అప్పుడు నేను అడిగాను. "ఇది సరిగ్గా కూర్చోకపోవడం వల్లేనని నేను అనుకున్నానండీ. మా బావ ముందే అన్నాడు. నేనే ఆపాను. అప్పుడే తీసుకొచ్చి ఉంటే?"

ఆయన కాగితాల మీద నుంచి తల ఎత్తి, "అప్పుడే వచ్చినా ఇదే మాట చెప్పేవాణ్ణి అమ్మా. ఏమీ తేడా ఉండేది కాదు. మీరు మనసులో పెట్టుకోకండి," అన్నాడు. ఎంతో దయగా అన్నాడు.

ముందే తీసుకొచ్చి ఉంటే అనే మాట ఒక్కటి నాకు మిగులుతుందనుకుని వెళ్ళాను. ఆయన దాన్ని కూడా ఉంచలేదు. తప్పు నాదని తేలితే ఎవరి కాళ్ళమీదైనా పడి ఏడ్చేదాన్ని. ఎప్పుడో ఒకప్పుడు ఏదో చెయ్యడానికి వీలుండేదని దాని అర్థం అయ్యేది.

బస్సులో అక్క కిటికీ వైపు కూర్చుంది. తల బావ భుజం మీద. బయటి నుంచి చూసేవాళ్ళకు కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఉండి ఉంటారు.

ఏప్రిల్ 23

ఏమీ లేదు.

ఏప్రిల్ 24

ఏమీ లేదు. కుర్చీ చేతులు ఒక అంగుళం పైకి లేపాను.

మే 6

మెత్తటి పట్టీ ఒకటి దొరికింది, గడ్డం కింద ఉండేది. దాంతో తల నిలబడుతోంది. ముంజేతుల కింద గిన్నెల్లాంటి ఆసరాలు బిగించాను, బల్లకు మరలతో. వాటిలో చేతులు పెడితే బరువు వాటిదే, వేళ్ళు మాత్రం కదిలించాలి. అక్క రెండు పేజీలు చేసింది. మొక్కల పాఠం. వేరు, కాండం, ఆకు అని బొమ్మలో గీతలు గీసి పేర్లు పెట్టింది.

చూస్తే బాగానే ఉంది. ఇలా సర్దుకుంటూ పోతే చాలా కాలం లాగొచ్చు. అందరికీ ఒకేలా ముదరదని డాక్టరు కూడా అన్నాడు.

మే 19

కీబోర్డు దగ్గరకు జరిపాను. బాగానే ఉంది.

మే 30

కీబోర్డు ఇంకా దగ్గరకు. బాగానే ఉంది.

జూన్ 7

కుడిచేయి అయిపోయింది. రాసుకోవడానికి ఇంతే ఉంది దాని గురించి.

జూన్ 15

మా కంపెనీ మెకానిక్కు చేతిలో పనితనం ఉంది. పాత కుట్టుమిషను పెడలు ఒకటి తెచ్చి, మౌసులోని మీటను దానికి కలిపాడు. ఎడమచేతి రెండు వేళ్ళతో బాణం గుర్తును జరిపి, కాలితో నొక్కితే క్లిక్కు పడుతుంది. తెర మీదే కీబోర్డు. ఒక్కో అక్షరానికి ఒక్కో నొక్కు.

అక్క మొదటి మాట రాసింది. మేం ముగ్గురం వెనక నిలబడ్డాం. అక్షరం, అక్షరం, అక్షరం. 'కాఫీ.'

బావ పరుగున వెళ్ళి పెట్టుకొచ్చాడు. స్ట్రాతో తాగించాడు. మెకానిక్కు కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడిందన్నాడు. ఇల్లంతా తుడిచి ఉంది ఆ పూట.

చాలా రోజులకు నాకు ఆకలేసింది.

జూన్ 26

బ్యాంకు వాళ్ళ కొత్త శాఖలో పాఠం. చివర్లో ఒకావిడ చెయ్యెత్తింది. "మీరు చెప్పినట్టు కూర్చుంటే పెద్దయ్యాక మాకు ఏ బాధా రాదంటారా?"

ఎప్పుడూ అడిగేదే. దీనికి నా దగ్గర సిద్ధంగా ఒక నవ్వు, ఒక జవాబు ఉంటాయి. ఈ రోజు రెండూ రాలేదు. అందరూ నావైపు నిటారుగా కూర్చుని చూస్తున్నారు, నేనే కూర్చోబెట్టాను కదా. "మెడనొప్పి తగ్గుతుందండీ," అన్నాను. ఇంకేదో చెబుతానని చూశారు. సామాన్లు సర్దుకున్నాను.

జూలై 13

అక్క మాట ముద్దవుతోంది. 'చిన్నీ' అంటే 'ఇన్నీ' అని వస్తోంది. అలవాటైపోతుందిలే.

ఆగస్టు 4

అలవాటు కాలేదు నాకు. బావకు అన్నీ అర్థమవుతున్నాయి. అక్క ఏదో అంటుంది, నేను మళ్ళీ చెప్పమంటాను, మళ్ళీ అంటుంది, మూడోసారి అడగలేక తలూపుతాను. అర్థం కాకుండానే తలూపానని ఆమెకు తెలుస్తుంది. ఇవాళ అలా తలూపాక గమనిస్తే, ఆమె అడిగింది కాలి మీద ఈగను తోలమని.

ఆగస్టు 17

నడుముకూ ఛాతీకీ నుదుటికీ పట్టీలున్న కుర్చీ ఒకటి మా కేటలాగులో ఉంది. ఎంతటి వాళ్ళనైనా నిటారుగా కూర్చోబెడుతుంది. మేనేజరుతో మాట్లాడి వాడి చూసి తిప్పి ఇచ్చేటట్టు ఇంటికి తెప్పించాను. ఆదివారమని బావ ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరం అక్కను లేపి అందులో కూర్చోబెట్టాం. నుదుటి పట్టీ బిగిస్తుంటే అక్క ఏదో అంది.

"ఏంటక్కా?"

మళ్ళీ అంది. నేను బావ వైపు చూశాను. ఆయన పట్టీ విప్పడం మొదలుపెట్టాడు.

"ఏమంది?"

"పడుకుంటానంటోంది."

"ఇప్పుడే కదా లేచింది. కాసేపు కూర్చోనీ. పుస్తకంలో ఇంకో మూడు పాఠాలే ఉన్నాయి. ఇందులో ఊపిరి కూడా బాగా ఆడుతుంది, పడుకుంటే ఆడదు, డాక్టరే చెప్పాడు. దిండ్లు ఎత్తుగా పెట్టినా ఇంత నిటారుగా రాదు."

"చిన్నీ, ఇక దాన్ని కూర్చోబెట్టకు."

"ఎందుకు కూర్చోబెట్టకూడదు? నువ్వప్పుడు జడ కట్టలేదా?"

అనకూడని మాట. అనేశాను. బావ ముఖం పొయ్యి ముందు నిలబడినప్పటిలా ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "కట్టాను. అడిగింది, కట్టాను. ఇప్పుడు విప్పమని అడుగుతోంది, విప్పుతున్నాను," అన్నాడు.

మంచం కిటికీ దగ్గరకు లాగి, దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి పడుకోబెట్టాం. అక్క కళ్ళతో నన్ను పిలిచింది. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఈసారి ప్రతి మాటా అర్థమైంది.

"కూర్చుని కూర్చుని అలిసిపోయానే."

ఆగస్టు 18

పట్టీల కుర్చీ తిప్పి పంపేశాను. సరిపోలేదా అని మేనేజరు అడిగాడు. సరిపోయిందన్నాను.

సెప్టెంబరు 9

బావ బేకరీలో పొద్దుటి పని మానేసి మధ్యాహ్నపు కౌంటరులో చేరాడు. పొద్దున ఆయన, మధ్యాహ్నం నుంచి నేను. అన్నం కాదు, రొట్టె కాదు, ఇప్పుడు అన్నీ జావలే. అరగంటకు అరగ్లాసు. మింగేటప్పుడు గడ్డం కిందికి దించాలి, అప్పుడే ఊపిరి గొట్టంలోకి పోదు. నేర్పించిన నర్సు అదే చెప్పింది. తల ఎత్తు, తల ఎత్తు అని అన్నాళ్ళు వేధించాను. ఇప్పుడు రోజూ నా చేత్తోనే వంచుతున్నాను.

సెప్టెంబరు 21

వాన. అక్క చూస్తూ పడుకుంది.

అక్టోబరు 3

పబ్లిషరు ఫోను చేశాడు. మంచివాడే, ఇన్ని నెలలు ఆగాడు. స్కూళ్ళు ఆగవు కదమ్మా అన్నాడు. మిగిలిన పాఠాలు వేరే ఆయనకు ఇస్తున్నారట. ఫైళ్ళన్నీ అక్క కంప్యూటరులో అక్క పద్ధతిలో ఉన్నాయి కాబట్టి ఆయన్ని ఇక్కడికే పంపిస్తాడట.

అక్కకు చెప్పాను. కళ్ళు మూసి తెరిచింది. సరే అని.

అక్టోబరు 7

పేజీలాయన వచ్చాడు. యాభై దాటినవాడు, పొడుగు, భారీ మనిషి. గుమ్మంలోనే చెప్పులు విప్పి, మంచం మీద అక్కను చూసి, ఎక్కడ చూడాలో తెలియక గోడను చూశాడు. బావ బేకరీకి వెళ్ళేముందు ఆయనకు మంచినీళ్ళిచ్చి, "మా ఆవిడ చాలా నీటుగా చేస్తుందండీ. ఏదున్నా అడగండి, చెబుతుంది," అన్నాడు.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎవరిదో సీటులో కూర్చున్నట్టు. మోకాళ్ళు బల్లకు తగులుతున్నాయి. ల్యాప్‌టాపుతో వచ్చాడేమో, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మెడ సాచి అక్క మానిటరు చూస్తూ ఫైళ్ళు ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు.

పేర్లు ఎక్కడున్నాయి, బొమ్మలు ఎక్కడున్నాయి, శీర్షికలకు ఏ ఫాంటు వాడారు అని అడుగుతుంటే, అక్క చెప్పేది, నేను విని ఆయనకు చెప్పేదాన్ని. సగం నాకే అర్థం కాలేదు. అక్క విసుక్కోలేదు. రెండోసారి, మూడోసారి చెప్పింది. ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పింది. తన పేజీల విషయం కదా. "బొమ్మకూ అక్షరానికీ మధ్య చోటు మార్చొద్దని చెప్పు," అంది. చెప్పాను. "మార్చనండీ," అని ఆయన నాతో కాకుండా అక్కతోనే అన్నాడు. అది మొదటిసారి.

కాసేపటికి అక్క మళ్ళీ ఏదో అంది. ఆయన ఆగాడు. నేను చెవి దగ్గర పెట్టాను. అర్థం కాలేదు. మళ్ళీ అంది. పేజీల సంగతి కాదు. ఆమె చూపు తెర మీద లేదు, ఆయన మోకాళ్ళ మీద ఉంది.

"ఆయన్ని సరిగ్గా కూర్చోబెట్టవే."

"ఏమన్నారండీ?" ఆయన కంగారుగా అడిగాడు.

"మిమ్మల్ని సరిగ్గా కూర్చోమంటోంది. ఒక్కసారి లేవండి."

లేచాడు. నేను కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మీట లాగాను. ఫిబ్రవరిలో అక్క కాళ్ళకు కొలిచి పెట్టిన ఎత్తు అది. కూర్చోమన్నాను. పాదాలు ఆనించమన్నాను. పొడుగు మనిషి కాబట్టి బాగా పైకి లేపాల్సి వచ్చింది. నడుము దగ్గరి దిండును పైకి జరిపాను. చేతి ఆసరాల మరలు విప్పి పక్కన పెట్టాను, ఆయనకు అవి అడ్డం. ఆయనకు తగ్గట్టు బల్ల కాళ్ళ కింద నాలుగు దిమ్మలు పెట్టాను. మానిటరు కూడా పైకి లేపాను. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఇన్నేళ్ళుగా చేస్తున్న పని.

"భుజాలు వదిలెయ్యండి. మెడ వెనక్కి."

ఆయన అలాగే చేసి, "హాయిగా ఉందమ్మా," అన్నాడు. వెంటనే తప్పు మాట అన్నట్టు అక్క వైపు చూశాడు.

అక్క ఆయన్ని తల నుంచి పాదాల దాకా ఒకసారి పరీక్షగా చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందో, విన్నదో తెలియదు. ఆయన సాయంత్రం దాకా చప్పుడు కాకుండా పని చేసుకున్నాడు. ఒక పాఠం ముగించాడు. బాగానే చేశాడు.

కుర్చీ ఆయన ఎత్తుకే ఉంది. రేపు కూడా వస్తాడు.